రొయ్య ముల్లు గుచ్చుకున్న వేలు వంగి బిగిసింది: టెండన్ తొడుగులో చీము అంటే ఏమిటి, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న – ఉపాధ్యాయుడు, అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. మా బావమరిది వయసు 46 ఏళ్లు. తీరం వైపు వనామీ రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. మొన్న రాత్రి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే పని) జరుగుతుండగా, వలలోని రొయ్యలను ట్రేలలోకి తీసే సమయంలో, రొయ్య తలమీద రంపంలా ఉండే ముల్లు ఆయన కుడి చూపుడు వేలికి అరచేతి వైపున, మధ్య కణుపు దగ్గర గుచ్చుకుంది. ఇలాంటివి చెరువు పనిలో మామూలే కనుక ఆయన చెరువు నీళ్లతోనే కడుక్కుని పని కొనసాగించారు. నిన్న సాయంత్రానికి వేలు మొదలు నుంచి కొన దాకా ఒకే తీరున ఉబ్బింది. ఊరిలో వైద్యం చేసే ఆయన నొప్పికి ఒక ఇంజెక్షన్, కొన్ని మాత్రలు ఇచ్చారు. నొప్పి కొంత తగ్గినా రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు వేలు కొంచెం ముడుచుకుని ఉంది. ఎవరైనా దాన్ని నిటారుగా చేయబోతే ప్రాణం పోతున్నట్టు అరుస్తున్నారు.

ఈ మధ్యాహ్నం కావలిలో ఒక డాక్టరు గారికి చూపించాము. ఆయన వేలు పరీక్షించి, ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించి, ఇది టెండన్ తొడుగులో ఇన్‌ఫెక్షన్ అని, వెంటనే నెల్లూరు తీసుకువెళ్లి ఆసుపత్రిలో చేర్చాలని, ఈ రాత్రే ఆపరేషన్ అవసరం కావచ్చని చెప్పారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. తెల్ల రక్తకణాలు కొద్దిగా మాత్రమే పెరిగాయి, జ్వరం పెద్దగా లేదు. ఆయనకు కొన్నేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ముల్లు గుచ్చుకున్న దానికి ఆపరేషన్ ఏమిటని, ఆముదం రాసి కాపడం పెడితే చీము పైకి వస్తుందని అంటున్నారు. ఇంకో చెరువు పట్టుబడి మిగిలి ఉండడంతో ఆయన కూడా రెండు రోజులు మాత్రలు వాడి చూద్దామంటున్నారు. రక్తపరీక్ష ఇంత బాగున్నప్పుడు డాక్టరు గారు అంత తొందర ఎందుకు పెడుతున్నారో, మందులతో తగ్గే అవకాశం ఉందో లేదో, వేలు మళ్లీ మామూలుగా ముడుచుకుంటుందో లేదో తెలిసినవారు చెప్పగలరని వేడుకుంటున్నాను.

జవాబు – చేతి శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు, ఒంగోలు

మాస్టారూ, ముందు చేయవలసిన పని చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. ఇది చదవడం పూర్తయ్యేలోగా బండి మాట్లాడండి. ఆ చేతికి ఉంగరాలు ఉంటే ఇప్పుడే తీసివేయండి, ఇంకొంచెం ఉబ్బితే ఉంగరాన్ని కోయవలసి వస్తుంది. దారిలో చేయి కిందికి వేలాడకుండా, గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండు మీద పెట్టించండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక భోజనం పెట్టకండి. అయితే షుగరు మాత్ర వేసుకుని ఉంటే ఆ సంగతి వెళ్లగానే చెప్పండి, చెమటలు పట్టి నీరసం వస్తే మాత్రం ఆలోచించకుండా గ్లూకోజు ఇవ్వండి. కాపడం వద్దు, ఆముదం వద్దు, పిసకడం అసలే వద్దు. కావలి డాక్టరు గారు సరిగ్గా చెప్పారు.

ఇక కారణం. వేలిని ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాళ్లు) అరచేయి నుంచి వేలి కొన దాకా ఒక సన్నని, రెండు వైపులా మూసి ఉన్న తొడుగులో జారుతూ ఉంటాయి. ఆ తొడుగులో కొద్దిపాటి జిగట ద్రవం ఉంటుంది. టెండన్‌కు కావలసిన పోషణలో కొంత ఆ ద్రవం నుంచి, మిగిలినది వెనుక వైపు నుంచి వచ్చే దారాల్లాంటి సన్నని రక్తనాళాల నుంచి అందుతుంది. ముల్లు మొన ఆ తొడుగును దాటి బాక్టీరియాను లోపల వదిలితే, దానికి కావలసిన ఆహారం అక్కడ సిద్ధంగా ఉంటుంది, దాన్ని ఎదుర్కొనే రక్తప్రసరణ మాత్రం చాలా తక్కువ. చీము చేరేకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి ఆ సన్నని నాళాలు నలిగిపోతాయి. అప్పుడు టెండన్ చచ్చుబడుతుంది. చర్మం కింద గడ్డ అయితే పగిలి బయటికి దారి చేసుకుంటుంది. ఈ తొడుగుకు అలాంటి దారి లేదు, అందుకే ఇంట్లో పెద్దవాళ్లు ఆశిస్తున్నట్టు చీము దానంతట అది పైకి రాదు. వచ్చిందంటే తొడుగు చివికిపోయిందనే అర్థం, ఆ దశ దాకా ఆగకూడదు.

ఈ జబ్బును గుర్తించడంలో నేటికీ అందరం ఆధారపడేది చికాగో సర్జన్ ఆలెన్ కనావెల్ 1912లో వర్ణించిన గుర్తుల మీదనే. వేలు కొద్దిగా ముడుచుకుని ఉండడం, వేలు మొత్తం ఒకే తీరున ఉబ్బడం, తొడుగు పొడవునా నొక్కితే నొప్పి ఉండడం, ఇతరులు వేలిని చాచినప్పుడు తీవ్రమైన నొప్పి రావడం, ఇవే ఆ నాలుగు. వీటిలో ఉబ్బు అనే గుర్తు తరువాతి కాలంలో చేరింది. మీరు రాసిన వివరణలో మూడు స్పష్టంగా ఉన్నాయి, నాలుగోది కావలిలో చూసే ఉంటారు. రక్తపరీక్షల సంగతి అడిగారు. తొడుగు చిన్న చోటు కనుక అందులో చీము పట్టినా తొలి రోజుల్లో తెల్లకణాలు పెరగకపోవచ్చు, జ్వరం రాకపోవచ్చు. షుగరు ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువగా చూస్తాము. రిపోర్టు బాగుందని వేలిని నమ్మకుండా ఉండడం ప్రమాదకరం. ఎక్స్‌రే తీసేది లోపల లోహమో గాజో ఉందా, ఎముకకు దెబ్బ తగిలిందా అని చూడడానికి. చీము అందులో కనిపించదు.

మందులతో తగ్గుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, కొందరికి తగ్గుతుంది. గుర్తులు మొదలై 48 గంటలు దాటకుండా వచ్చి, షుగరు వంటి ఇతర జబ్బులు లేకుండా, లోపల చీము ఇంకా చిక్కబడని వారిని ఆసుపత్రిలో చేర్చుకుని, నరం ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చి, చేతికి బద్ద కట్టి ఎత్తులో ఉంచి, 12 నుంచి 24 గంటల లోపల మళ్లీ మళ్లీ పరీక్షిస్తాము. ఆ వ్యవధిలో నొప్పి స్పష్టంగా తగ్గకపోతే ఆపరేషన్ చేస్తాము. అంటే మందులతో ప్రయత్నం కూడా ఆసుపత్రి మంచం మీదనే జరగాలి, ఇంట్లో మాత్రలతో కాదు. మీ బావమరిది గారికి షుగరు ఉంది, రెండో రోజు గడుస్తోంది. ఆయనను నేను చూస్తే ఆపరేషన్ వైపే మొగ్గుతాను.

ఆపరేషన్ అంటే వేలంతా చీల్చడం అనుకుని భయపడవద్దు. తొలి దశలో అరచేతిలో ఒక చిన్న కోత, వేలి కొన దగ్గర ఇంకో చిన్న కోత పెట్టి, పై కోత నుంచి తొడుగులోకి సన్నని గొట్టం పంపి, సెలైన్ నీటితో కింది కోత గుండా శుభ్రమైన నీరు వచ్చేదాకా కడుగుతాము. ముందుగా అక్కడి ద్రవాన్ని కల్చర్‌కు, అంటే ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకు, తీస్తాము. టెండన్ అప్పటికే చచ్చుబడి ఉంటే మాత్రం పక్క నుంచి పొడవుగా తెరిచి పాడైన భాగాన్ని తీసివేయక తప్పదు. ద్రవం పలుచగా ఉందా, చీముగా మారిందా, కణజాలం చచ్చిందా అనే మూడు మెట్లుగా 1974లో మిషోన్ చేసిన విభజన ప్రకారమే ఎంత తెరవాలో నిర్ణయిస్తాము. చిన్న కోతలతో పోయేదాన్ని పెద్ద కోతల దాకా తెచ్చేది ఆలస్యమే.

2007లో సింగపూర్ వైద్యులు 75 మంది రోగులను పరిశీలించి రాసిన పత్రం ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. చర్మం కింద చీము గాని, వేలికి రక్తప్రసరణ లోపం గాని లేని దశలో వచ్చినవారిలో ఒక్కరికి కూడా వేలు తీసివేయవలసి రాలేదు. చర్మం కింద చీము చేరినవారిలో 8 శాతం మంది, చీముతోపాటు వేలు రంగు మారి రక్తం అందని స్థితిలో వచ్చినవారిలో 59 శాతం మంది వేలు కోల్పోయారు. 43 ఏళ్లు దాటడం, షుగరు, కిడ్నీ జబ్బు, రక్తనాళాల జబ్బు అనేవి ఫలితం చెడడానికి కారణాలని వారు గుర్తించారు. మీ బావమరిది గారికి వాటిలో రెండు ఇప్పటికే ఉన్నాయి. పట్టుబడికి ఇంకొకరిని పెట్టుకోవచ్చని ఆయనకు నచ్చజెప్పండి.

నెల్లూరు పెద్దాసుపత్రిలో గాని, చేతి ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరు లేదా ప్లాస్టిక్ సర్జన్ ఉన్న మరే ఆసుపత్రిలో గాని చేర్చండి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి.

జవాబు – మైక్రోబయాలజీ వైద్యురాలు, నెల్లూరు

డాక్టరు గారు చెప్పినదానికి ప్రయోగశాల వైపు నుంచి కొంత చేర్చాలి, ఎందుకంటే మన తీరంలో ఈ జబ్బు పుస్తకంలో ఉన్నట్టే ఉండదు. ఎక్కడైనా ఈ తొడుగులో చీముకు ఎక్కువగా కారణమయ్యేది స్టాఫిలోకాకస్ ఆరియస్, ఆ తరువాత స్ట్రెప్టోకాకస్. కుక్కగాని పిల్లిగాని కరిస్తే పాశ్చురెల్లా, మనిషి పంటి దెబ్బ అయితే ఐకెనెల్లా గుర్తుకు రావాలి. దెబ్బే తగలని యువతీయువకులలో గనేరియా రక్తం ద్వారా చేరడం కూడా ఉంది. కానీ ఉప్పు కలిసిన చెరువు నీటిలో రొయ్య ముల్లు గుచ్చుకున్న వేలికి ఈ పట్టిక సరిపోదు.

రొయ్య రైతులకు విబ్రియో అనే ఉప్పునీటి బాక్టీరియా పేరు కొత్తది కాదు. చెరువు నీటిని ఆక్వా ల్యాబుకు పంపి పచ్చ కాలనీలు (బాక్టీరియా గుంపులు) ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అని చూసుకుంటూనే ఉంటారు. ఆ లెక్క రొయ్య ఆరోగ్యానికి పనికివస్తుంది, అందులో మనిషికి హాని చేసే జాతి ఉందో లేదో దాన్నిబట్టి తేలదు. ఆ కుటుంబంలోని విబ్రియో వల్నిఫికస్ అనేది కాలేయ జబ్బు, షుగరు ఉన్నవారిలో గంటల్లో వ్యాపించి ప్రాణానికే ముప్పు తెస్తుంది. వేలి వాపు చేతి మీదికి, మోచేతి వైపు వేగంగా పాకుతున్నా, చర్మం మీద నల్లని లేదా నెత్తురు రంగు బొబ్బలు వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, రక్తపోటు పడిపోయినా అది వేలి జబ్బు అనుకోకూడదు, ఎమర్జెన్సీలో ఆ మాటే గట్టిగా చెప్పాలి. దీనికి డాక్సీసైక్లిన్‌తోపాటు మూడో తరం సెఫలోస్పోరిన్ కలిపి ఇస్తారు. మామూలుగా చర్మం ఇన్‌ఫెక్షన్‌కు రాసే మాత్రలు దీన్ని అదుపు చేయలేవు. మంచినీటి చెరువుల్లో పనిచేసేవారికి ఏరోమోనాస్ అనే ఇంకొకటి ఇలాగే వస్తుంది.

చేపలు, రొయ్యలు శుభ్రం చేసేవారి వేళ్లలో ఎరిసిపెలోథ్రిక్స్ అనేది కూడా కనిపిస్తుంది. అది ఎక్కువగా చర్మం వరకే ఊదారంగు వాపుగా ఉండి, నొప్పి మాత్రం వాపుకు మించి ఉంటుంది. దీని గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం, చీము పట్టిన వేలికి మొదట మొదలుపెట్టే వాంకోమైసిన్ ఈ బాక్టీరియా మీద పనిచేయదు, పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది. కనుక రోగి వృత్తి ఏమిటో, ఏ నీటిలో ఏది గుచ్చుకుందో కేసు షీటు మీదే కాదు, మాకు పంపే నమూనా కాగితం మీద కూడా రాయాలి. "వేలి చీము" అని ఒక్క మాట రాసి పంపితే మేము మామూలు పద్ధతిలోనే చూస్తాము.

నిదానంగా నడిచే రకం ఇంకొకటి ఉంది. ముల్లు గుచ్చుకున్న రెండు మూడు వారాలకో, కొన్నిసార్లు నెలలకో వేలు మెల్లగా ఉబ్బి, పెద్దగా నొప్పి లేకుండా బిగుసుకుపోతుంది. మైకోబాక్టీరియం మెరైనమ్ అనే నీటి బాక్టీరియా అలా చేస్తుంది. ఇది 30 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో బాగా పెరుగుతుంది, మేము మామూలుగా వాడే 37 డిగ్రీల ఇంక్యుబేటరులో సరిగ్గా పెరగదు. ముందే చెప్పకపోతే కల్చర్‌లో ఏమీ రాలేదనే రిపోర్టు వస్తుంది. బయాప్సీలో (ముక్క తీసి చూసే పరీక్షలో) గ్రాన్యులోమా, అంటే కణాలు గుంపు కట్టిన చిన్న గడ్డలు, అని వస్తే మన దేశంలో అందరి ఆలోచనా టీబీ వైపు వెళుతుంది, అది తప్పు కూడా కాదు, టీబీ మణికట్టు దగ్గర తొడుగుల్లో బియ్యపు గింజల్లాంటి ముక్కలతో వాపు తెస్తుంది. అయితే మెరైనమ్‌కు ఐసోనియాజిడ్, పైరజినమైడ్ పనిచేయవు. సీబీనాట్ పరీక్ష టీబీ బాక్టీరియాను పట్టుకుంటుంది, దీన్ని పట్టుకోదు. క్లారిత్రోమైసిన్, ఇథాంబ్యుటాల్, రిఫాంపిసిన్ వంటివి కలిపి నెలల తరబడి ఇవ్వవలసి ఉంటుంది. ఈ దశలో ట్రిగ్గర్ ఫింగర్ (ముడిచిన వేలు పట్టేసే జబ్బు) అనుకుని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే జబ్బు లోతుకు పోతుంది.

మాస్టారికి ఒక మనవి. ఊరిలో ఇచ్చిన మాత్రల పట్టీలు, ఇంజెక్షన్ సీసా దొరికితే అవి కూడా వెంట తీసుకువెళ్లండి. ఇప్పటికే ఏ యాంటీబయాటిక్ లోపలికి వెళ్లిందో తెలిస్తే కల్చర్ ఫలితాన్ని సరిగ్గా అర్థం చేసుకోగలుగుతాము. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో కూడా గుర్తు చేసుకోండి.

జవాబు – నిమ్మ రైతు, పొదలకూరు

మాది చెరువు కాదు, తోట. మేడమ్ గారు చెప్పిన నిదానంగా నడిచే రకం మా ఇంట్లో చూశాము కనుక రాస్తున్నాను. మా ఇంటావిడకు కాయలు కోసేటప్పుడు నిమ్మముల్లు మధ్య వేలికి అరచేతి వైపున గుచ్చుకుంది. ముల్లు లాగేశాము, అంతా వచ్చిందనే అనుకున్నాము. వేలు ఉబ్బడం, మాత్రలు వాడితే తగ్గడం, ఆపగానే మళ్లీ ఉబ్బడం, ఇలా వర్షాకాలం నుంచి సంక్రాంతి దాకా నడిచింది. ఎక్స్‌రే రెండుసార్లు తీసినా ఏమీ లేదన్నారు. చివరకు చెన్నైలో చూపిస్తే, కర్రముల్లు ఎక్స్‌రేలో కనిపించదని చెప్పి అల్ట్రాసౌండ్ స్కాన్ తీశారు. ముల్లు మొన తొడుగును ఆనుకుని లోపలే ఉంది. అది తీశాక గాని వేలు కుదుటపడలేదు. సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకున్నవారికీ ఇలాగే అవుతుందని అక్కడి డాక్టరు గారు చెప్పారు. మందు ఆపగానే వాపు తిరిగి వస్తోందంటే లోపల ఏదో మిగిలి ఉందేమో అడగండి, స్కాన్ తీయమని మర్యాదగా కోరడంలో తప్పు లేదు.

జవాబు – డ్యూటీ డాక్టరు, ప్రభుత్వ ఆసుపత్రి, ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతం

ఒంగోలు సర్ గారికి ఒక సందేహం. మా దగ్గరికి పొగాకు బేళ్ల దగ్గర పనిచేసేవారు, రాళ్ల క్వారీల కూలీలు ఉబ్బిన వేళ్లతో తరచుగా వస్తారు. నాలుగు గుర్తులూ ఉంటే సందేహం లేకుండా పంపుతున్నాను. రెండే ఉన్నప్పుడు, ముఖ్యంగా వాపు, నొక్కితే నొప్పి మాత్రమే ఉన్నప్పుడు, మామూలు చర్మపు ఇన్‌ఫెక్షన్ నుంచి దీన్ని ఎలా వేరు చేయాలి? ప్రతి ఒక్కరినీ అంత దూరం పంపడం వారికి కూలీ నష్టం, పంపకపోతే నాకు నిద్ర పట్టదు.

జవాబు – చేతి శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు, ఒంగోలు

డాక్టరు గారూ, మీ సందేహం న్యాయమైనది. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఈ గుర్తులు, ఉన్న జబ్బును పట్టుకోవడంలో 91 నుంచి 97 శాతం దాకా పనికివస్తాయి గాని, లేని జబ్బును లేదని తేల్చడంలో 51 నుంచి 69 శాతం దగ్గరే ఆగిపోతాయి. అంటే చర్మపు ఇన్‌ఫెక్షన్, చర్మం కింద గడ్డ, కణుపు లోపలి చీము కూడా వీటిలో ఒకటి రెండు గుర్తులు చూపించగలవు. కనుక గుర్తులు లెక్కపెట్టడంతో ఆపకుండా, వాటిని ఎలా పరీక్షిస్తున్నామన్నది చూసుకోవాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. పెన్ను మూత వంటి మొద్దు కొనతో వాపు కేంద్రం నుంచి కాకుండా, దెబ్బకు దూరంగా అరచేతిలో, వేలి మొదట్లో, తొడుగు ఆరంభమయ్యే చోట మొదట నొక్కుతాను. గాయం వేలి కొన దగ్గర ఉండి, అరచేతిలో తొడుగు మొదలయ్యే చోట నొక్కినప్పుడు రోగి చేయి లాక్కుంటే, ఇన్‌ఫెక్షన్ తొడుగు గుండా ప్రయాణించిందని గట్టి అనుమానం పెట్టుకోవాలి. చర్మపు ఇన్‌ఫెక్షన్‌లో ఎరుపు ఎక్కడ ఉంటే నొప్పి అక్కడే ఉంటుంది, తరచుగా అది వేలి వెనుక వైపు ఎక్కువగా కనిపిస్తుంది. తరువాత, వాపు మీద చేయి వేయకుండా గోరు అంచును మాత్రమే పట్టుకుని వేలిని మిల్లీమీటర్ల మేర పైకి లేపుతాను. మిగిలిన కణుపులు కదలకుండా కొన ఒక్కటే కొద్దిగా లేచినా తొడుగు పొడవునా నొప్పి పాకితే నాకు దాదాపు సందేహం తీరుతుంది. తొలి గంటల్లో అన్నిటికంటే ముందు కనిపించేది ఈ నొప్పే. వాపు మాత్రం దాదాపు అందరిలో ఉంటుంది కనుక, అది ఉన్నంత మాత్రాన నిర్ధారణ కాదు, అది లేకపోతే మాత్రం మళ్లీ ఆలోచించాలి.

గౌటు ఉన్నవారికి, కీళ్లవాతం ఉన్నవారికి చీము లేకుండానే తొడుగు వాచవచ్చు. యూరిక్ యాసిడ్ రిపోర్టు ఎక్కువ ఉందని చీము లేదనుకోవడం కూడా సరికాదు, రెండూ కలిసి ఉన్నవారిని చూశాను. అల్ట్రాసౌండ్ అందుబాటులో ఉంటే టెండన్ చుట్టూ ద్రవం చేరిందా అన్నది తెలుస్తుంది, అది చీమా కాదా అన్నది నూటికి నూరుపాళ్లు తెలియదు.

బొటనవేలు, చిటికెనవేలు అయితే తొందర ఇంకా ఎక్కువ. మిగిలిన మూడు వేళ్ల తొడుగులు చాలామందిలో అరచేతిలోనే ముగుస్తాయి. ఈ రెండిటి తొడుగులు మణికట్టు దాకా సాగుతాయి, ఎక్కువమందిలో మణికట్టు దగ్గర ఒకదానితో ఒకటి కలుస్తాయి. చిటికెనవేలి చీము మణికట్టు మీదుగా తిరిగి బొటనవేలికి చేరి గుర్రపు లాడం ఆకారంలో గడ్డ కట్టడం అందుకే. చిటికెనవేలికి గాయమైనవాడు బొటనవేలు నొప్పి అంటే నవ్వి పంపవద్దు.

సందేహం తీరనివారి విషయంలో వారిని మీ దగ్గరే ఉంచి, ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, సమయం రాసి, ఆరు గంటలకొకసారి మీరే మళ్లీ పరీక్షించండి. అంత సేపు గమనించే వీలు లేకపోతే పంపించడమే మంచిది. అనవసరంగా వచ్చిన రోగిని చూసి ఏ సర్జనూ విసుక్కోకూడదు. పంపేముందు చేతికి బద్ద కట్టండి, యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇచ్చారా లేదా అన్నది, ఎన్ని గంటలకు ఇచ్చారన్నది చీటీ మీద రాయండి. దారి గంటలోపు అయితే, రోగి స్థిమితంగా ఉంటే, కల్చర్ తీసేదాకా మోతాదు ఆపవచ్చు. జ్వరం, వణుకు, పాకే ఎరుపు ఉంటే ఆపకండి, కల్చర్ కంటే మనిషి ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు – అల్లూరు మండలం

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినది మా అత్తగారికి, బావమరిదికి చదివి వినిపించి ఆ రాత్రే నెల్లూరు తీసుకువెళ్లాము. రెండు చిన్న కోతలతో తొడుగు కడిగారు. ద్రవం మసకగా ఉందని, టెండన్ మెరుస్తూనే ఉందని సర్జన్ గారు చెప్పారు. షుగరు 300 దాటి ఉండడంతో ఇన్సులిన్ మొదలుపెట్టారు. కల్చర్‌లో స్టాఫిలోకాకస్ వచ్చింది. విబ్రియో కోసం కూడా చూశారు, రాలేదు. మెరైనమ్ కోసం వేసిన కల్చర్ వారాల తరబడి ఉంచుతారట. ఇప్పుడు వాపు బాగా తగ్గింది గాని, వేలు ముడవమంటే ఆయన భయపడుతున్నారు. కుట్లు ఊడిపోతాయేమోనని కట్టు విప్పనివ్వడం లేదు. ఇన్సులిన్ ఎందుకు, నాకు మాత్రలు చాలు అని అంటున్నారు. ఈ రెండిటికీ ఏమి చెప్పాలి?

జవాబు – ఫిజియోథెరపిస్టు, కావలి

మాస్టారు గారూ, ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఈ జబ్బులో ఎక్కువగా మిగిలిపోయేది వేలు బిగుసుకుపోవడం. తొడుగు లోపలి నున్నని పొర ఇన్‌ఫెక్షన్ వల్ల గరుకెక్కి టెండన్‌కు అతుక్కుంటుంది. ఆ అతుకు పడకుండా ఆపగలిగేది టెండన్ కదలిక ఒక్కటే. సర్జన్ గారు సరేనన్న రోజు నుంచే, సాధారణంగా ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులలోనే, వ్యాయామం మొదలవుతుంది. అందుకే ముందు ఆయన అనుమతి స్పష్టంగా తీసుకోండి.

అనుమతి వచ్చాక ఇలా చేయించండి. ఎడమ చేతితో కుడి చూపుడు వేలి మధ్య ఎముకను కదలకుండా పట్టుకుని కొన కణుపు ఒక్కదాన్నే ముడిచి చాపాలి. తరువాత మొదటి ఎముకను పట్టుకుని మధ్య కణుపును ముడిచి చాపాలి. వేలి లోపల టెండన్లు రెండు, ఒకదాని మీద ఒకటి జారుతాయి, అందువల్ల కణుపులను విడివిడిగా కదిలిస్తేనే రెండూ విడివిడిగా జారుతాయి. ఆ తరువాత మెల్లగా పిడికిలి. ఇది రోజుకొకసారి చాలాసేపు చేయడం కంటే, మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి కొద్దిగా చేయడం మేలు. నొప్పి మాత్ర వేసుకున్న అరగంట తరువాత చేస్తే ఆయనకు ధైర్యం వస్తుంది. ఇతరులు బలవంతంగా వంచకూడదు. బంతి పిసకడం, బరువు ఎత్తడం గాయం మానేదాకా వద్దు. వ్యాయామం లేని సమయంలో బద్దలో ఉంచే తీరు కూడా అడిగి తెలుసుకోండి: మణికట్టు కొద్దిగా వెనక్కి, వేలి మొదటి కణుపు బాగా వంగి, చివరి రెండు కణుపులు నిటారుగా. అలా ఉంచితే కణుపుల పక్క బంధనాలు కుంచించుకుపోవు. చాలామంది బద్ద లేకుండా వేలిని సగం ముడిచి దాచుకుంటారు, ఆ తీరులోనే అది బిగుసుకుంటుంది.

కుట్ల గురించిన భయానికి: ఇలాంటి గాయాన్ని తరచుగా గట్టిగా కుట్టరు, లోపలి నీరు బయటికి రావడానికి వదులుగానే వదిలేస్తారు. కొద్దిగా తడి కనిపించడం ప్రమాదం కాదు. మళ్లీ చీము, దుర్వాసన, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి మొదలైతే మాత్రం వ్యాయామం ఆపి వెంటనే సర్జన్ గారికి చూపించండి, ఇంకోసారి కడగవలసి రావచ్చు. ఏ స్థాయికి వస్తుందన్నది వారాల మీద తెలుస్తుంది, కొన్ని నెలల పాటు మెరుగుపడుతూనే ఉంటుంది. పూర్తిగా మునుపటిలా వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఇంత త్వరగా కడిగించినవారిలో పనికి అడ్డురాని వేలు రావడం మాత్రం చాలాసార్లు చూశాను.

జవాబు – చేతి శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు, ఒంగోలు

టెండన్ మెరుస్తూ ఉందన్న మాట, అంటే అది చచ్చుబడలేదన్న సంగతి, నాకు చాలా సంతోషం కలిగించింది. ఇన్సులిన్ గురించి మీ బావమరిది గారికి నా మాటగా చెప్పండి. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు శరీరం షుగరును తనంతట తానే పెంచుతుంది, పెరిగిన షుగరు తెల్లకణాలు బాక్టీరియాను మింగే శక్తిని తగ్గిస్తుంది. ఈ రెండిటి మధ్య చక్రాన్ని త్వరగా తెంచేది ఇన్సులిన్. ఇది ఎల్లకాలం ఉండాలని కాదు, గాయం మానాక ఫిజీషియన్ గారు మళ్లీ మాత్రలకు మార్చవచ్చు. యాంటీబయాటిక్ నరం నుంచి మాత్రలకు మారాక కూడా మొత్తం రెండు వారాల దరిదాపుల్లో, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం ఇస్తారు. వాపు తగ్గింది కదా అని మధ్యలో ఆపవద్దు. మెరైనమ్ కల్చర్ రిపోర్టు మీరే గుర్తుపెట్టుకుని తెచ్చుకోండి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన తరువాత వచ్చే రిపోర్టులను అడిగేవారు లేక ఫైళ్లలోనే ఉండిపోతాయి.

గాయం పూర్తిగా మూసుకునేదాకా చెరువులో చేయి పెట్టకూడదు, మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తడానికి కూడా. ఆ తరువాత పట్టుబడికి వెళ్లినప్పుడు పలుచని రబ్బరు తొడుగులు చాలవు, రొయ్య ముల్లు వాటిని సులువుగా దాటుతుంది. లోపల నూలు, బయట మందమైన నైట్రైల్ పూత ఉన్న తొడుగులు వాడించండి, కూలీలకు కూడా ఇప్పించండి. గట్టు మీద ఒక క్యాను మంచినీరు, సబ్బు ఉంచండి. ముల్లు గుచ్చుకున్న వెంటనే చెరువు నీళ్లతో కాకుండా ఆ నీటితో, సబ్బుతో కడిగి, మరుసటి రోజు వేలు చాచి చూసుకోమని అందరికీ చెప్పండి. చాచినప్పుడు అరచేతి వైపు నొప్పి వస్తే, ఎంత రాత్రయినా బయలుదేరాలి.

జవాబు – మైక్రోబయాలజీ వైద్యురాలు, నెల్లూరు

మాస్టారు గారూ, మెరైనమ్ కల్చర్‌ను సాధారణంగా ఆరు వారాల దాకా, ఒక్కోసారి ఎనిమిది వారాల దాకా చూస్తాము. నమూనా తీసిన తేదీ, ల్యాబు నంబరు చీటీ మీద ఉంటాయి, ఆ చీటీ ఫోటో తీసి పెట్టుకోండి. ఈలోగా వేలు తగ్గినట్టే తగ్గి మళ్లీ నిదానంగా ఉబ్బితే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా సర్జన్ గారి దగ్గరికి వెళ్లండి.